సైకిల్ దిగని సువర్ణ

సువర్ణ మా పక్కింటి పిల్ల. వాళ్లమ్మ రాహేలూ నేనూ ఒక్క నూతిలోనే నీళ్లు తోడుకునేవాళ్లం. ఆ ఇంట్లో ఏ పూట ఏం వండారో, ఎవరి మీద ఎవరు అలిగారో నాకు తెలియకుండా ఉండేది కాదు. తెలియకపోతే గోడ మీంచి అడిగేదాన్ని.

డెబ్భై ఎనిమిది ప్రాంతంలో సువర్ణ కాకినాడలో నర్సు ట్రైనింగు పూర్తిచేసి, మా చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలకు టీకాలు వేసే ఉద్యోగం తెచ్చుకుంది. వస్తూ వస్తూ ఒక లేడీస్ సైకిల్ కూడా తెచ్చుకుంది. చీర చిక్కుకోకుండా వెనక చక్రానికి వల, ముందు బుట్ట. పట్నం రోడ్ల మీద నేర్చిన తొక్కుడేమో, నడుం నిటారుగా పెట్టి, చూపు దూరంగా నిలిపి, దొరసానిలా కూర్చునేది.

మా పేట నుంచి బయటి ఊళ్లకు పోవడానికి తారు రోడ్డు ఒక్కటే. అది పెద్ద వీధి మధ్య నుంచి పోతుంది. ఆ వీధి నిండా భూములున్న ఆసాముల ఇళ్లే. మా పేట మగవాళ్లు ఆ వీధి మొదట్లో సైకిల్ దిగాలి. ఎగ్గట్టిన లుంగీ దించుకోవాలి. వీధి చివరిదాకా నడిపించుకుపోయి అప్పుడు మళ్లీ ఎక్కాలి. ఈ రూలు ఎవరు పెట్టారని మా మామగారిని అడిగాను, పాస్టరుగారిని అడిగాను, పంచాయతీ బంట్రోతునీ అడిగాను. ఒక్కరూ చెప్పలేకపోయారు. అయినా అందరూ దిగేవారు.

దిగడానికి మనసొప్పనివాళ్లు మురుగు కాలవ గట్టు పట్టుకుని చుట్టూ తిరిగి పోయేవారు. గట్టంటే మూరెడు బాట. ఒక పక్క కాలవ, ఒక పక్క వరి చేను, మధ్యలో పిల్లకాలవ అడ్డొచ్చిన చోట వంతెన బదులు ఒక కొబ్బరి దుంగ. వాన పడితే సబ్బు రాసినట్టు జారేది. రానురాను మా వాళ్లు దాన్నే గొప్ప చేసుకున్నారు. అందులో మొదటివాడు సువర్ణ మేనమామ కొడుకు పేతురు. కొబ్బరికాయల బస్తా వెనక కట్టుకుని, దుంగ మీద నుంచి దిగకుండా పోయేవాడు.

"రోడ్డు మీద ముసలమ్మలు కూడా తొక్కుతారు. గట్టు మీద తొక్కినోడే మొనగాడు" అని మీసం దువ్వేవాడు.

ఉద్యోగం మొదటి రోజున రాహేలు కూతుర్ని బతిమాలింది. "గట్టు మీదగా ఎల్లవే అమ్మా. మనకెందుకు గొడవలు?" తల్లి మాట కాదనలేక సువర్ణ గట్టు దారి పట్టింది. సగం దారిలో టీకా మందున్న ఐసు ప్లాస్కుతో సహా కాలవలో పడింది. నడుం దాకా బురదతో ఇంటికొస్తుంటే పేతురు ఎదురయ్యాడు.

"ఏం మరదలా, కాకినాడలో ఈత నేర్పలేదా?"

"నేర్పేరు బావా. బురదలో దాక్కోడం మటుకు నేర్పలేదు."

"దాక్కోడం ఏంటే?"

"మరేంటి? అంత మొనగాడివి కదా, పెద్ద వీధిలో తొక్కవేం?"

పేతురు బస్తా సర్దుకుని గట్టెక్కాడు.

మర్నాడు సువర్ణ రోడ్డెక్కింది. ఏం జరుగుతుందో చూడకపోతే నాకు అన్నం సహించదు కనక, చింతపండు కొనే నెపంతో నేనూ వెనకాలే నడిచాను. వీధి మొదటి ఇల్లు సూరయ్యగారిది. ఆ వీధికి ఆయనే పెద్ద. అరుగు మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నారు.

"ఏవమ్మా నర్సమ్మా! కాళ్లకేవైనా దెబ్బ తగిలిందా, దిగలేకపోతున్నావ్?"

"లేదండి. కాళ్లు బానే ఉన్నాయండి, ఆయ్. అందుకే తొక్కగలుగుతున్నానండి."

అలా అని బెల్లు కొట్టుకుంటూ పోయింది. సూరయ్యగారు నోట్లోంచి వేపపుల్ల తీసి వీధిలోకి విసిరేశారు. ఆ సాయంత్రమే రాహేలుకి సూరయ్యగారి కబురొచ్చింది, ఇక తన చేలో నాట్లకు రావద్దని. రాహేలు ఏడ్చింది. సువర్ణ మాత్రం పొద్దున్నే సైకిల్ తుడుచుకుంది.

వారం తిరక్కుండా, చేలో నీరు నిలిచిపోతోందన్న వంకతో సూరయ్యగారు వీధి మొదట్లో రోడ్డుకి అడ్డంగా బోదె కాలవ తవ్వించారు. దాని మీద ఒకే ఒక్క కొబ్బరి దుంగ వేయించారు. వాళ్ల బళ్లు పోవడానికి ఇళ్ల వెనక వాళ్ల సొంత దారి ఉంది. "ఇంక దిగక ఎక్కడికి పోద్ది?" అని వీధి వీధంతా నవ్వింది. సువర్ణ బోదె దాకా వచ్చి, దుంగని పరీక్షగా చూసి, సైకిల్ వెనక్కి తిప్పి తిన్నగా పేతురింటికి వెళ్లింది.

"బావా, దుంగ మీద తొక్కడం నేర్పు."

"గట్టంటే దాక్కోడం అన్నావుగా?"

"ఇప్పుడూ అదే అంటాను. నేర్పు."

నేర్పాడు. "కింద చూడకు. దుంగ చివర చూడు. బ్రేకు ముట్టుకోకు. భయవేస్తే ఇంకా గట్టిగా తొక్కు" అని అరుస్తూ గట్టు వెంట పరిగెత్తేవాడు. పడింది, లేచింది, మళ్లీ పడింది. మోచేతులు చెక్కుకుపోయాయి. అన్నాళ్లూ సైకిల్ ఇంట్లో వదిలి, గట్టు మీద నడిచి డ్యూటీకి పోయింది. ఒక సాయంత్రం ఉండబట్టలేక అడిగాను. "నిజం చెప్పవే, గట్టు మీద తొక్కుతుంటే ఎలా ఉంది?"

"బాగుంది దొడ్డమ్మా. చల్లగాలి, కొబ్బరి నీడ, ఒక్క లారీ అయినా రాదు. ఆ బాగుండడం చూస్తేనే నాకు ఒళ్లు మండిపోతోంది. ఇంత బాగుంటే ఇంక రోడ్డు కావాలని ఎవరడుగుతారు?"

ఒక సోమవారం పొద్దున్న తెల్ల చీర కట్టుకుని, బుట్టలో ప్లాస్కు పెట్టుకుని బయల్దేరింది. నేను సరే సరి, సగం పేట వెనకాల నడిచింది. దుంగ మధ్యలో ముందు చక్రం ఒక్కసారి వణికింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అవతల ఒడ్డున ఉంది, సీటు మీదే ఉంది.

"పడితే నడుం విరిగేది" అన్నారు సూరయ్యగారు.

"పడలేదు కదండీ."

మర్నాటికి బోదె మీద దుంగ లేదు. రాత్రికి రాత్రే తీయించేశారు. సువర్ణ బోదె ఒడ్డున కాలు మోపి నిలబడిపోయింది. వీధిలోంచి ఎవరో ఈల వేశారు. మా పేట గుంపులో ఉన్న పేతురు అటూ ఇటూ చూసి గబగబా వెళ్లిపోయాడు. చివరికి వీడూ ఇంతేనా అని నోరారా తిట్టాను.

నా తిట్లు పూర్తి కాకుండానే నలుగురు మగవాళ్లు బరువు మోసుకుంటూ వచ్చారు. ముందున్నవాడు పేతురే. మోసుకొచ్చింది మా గట్టు మీద దుంగ. ఇన్నేళ్లూ వాళ్ల గొప్పంతా దాని మీదే. తెచ్చి బోదె మీద దబ్బున పడేశారు.

"ఓరే, అది తీసేస్తే ఇంక గట్టు మీదగా ఎలా పోతార్రా?" అన్నాను.

"పోం పెద్దమ్మా. ఇంక ఇటే" అన్నాడు పేతురు.

సువర్ణ ముందు దాటింది. ఆ నలుగురూ పరిగెత్తి సైకిళ్లు తెచ్చుకున్నారు. వెనకాల పేతురు, లుంగీ మోకాళ్ల పైకి ఎగ్గట్టి, కొబ్బరికాయల బస్తాతో సహా దాటాడు.

"ఏరా పేతురూ, నువ్వు కూడానా?" అన్నారు సూరయ్యగారు.

"ఆయ్, నేను కూడానండి" అన్నాడు, తొక్కుతూనే. వాడి వెనక మిగతా ముగ్గురూ.

ఆ దుంగ జోలికి మళ్లీ ఎవరూ రాలేదు. కానీ ఆ ఏడు మా పేటలో ఎవరినీ పెద్ద వీధివాళ్లు నాట్లకు పిలవలేదు. రామచంద్రపురం వైపు చేలకు పోయి పని చేశాం. బస్సు దొరికే చోటు దాకా మగవాళ్లు తొక్కుతుంటే మేం ఆడవాళ్లం వెనక క్యారేజీల మీద కూర్చునేవాళ్లం. పోయిందీ వచ్చిందీ పెద్ద వీధిలోంచే. అంతకు ముందు ఆ వీధిలో తల వంచుకు నడవడమే గానీ, ఎవరింటి గుమ్మం ఏ రంగో నాకు తెలిసేది కాదు. ఆ ఏడు సైకిల్ మీద కూర్చుని ఒక్కో ఇల్లూ తీరిగ్గా చూశాను.