అవ్వకు ఆర్, మేకకు ఈజ్

తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పేపర్లు దిద్దుతూ ఒకే పిల్ల కాగితం మీద ఏడు చోట్ల 'ఆర్' కొట్టేశాను. పది ఖాళీలు. ఒక్కోదాంట్లో 'ఈజ్' రాయాలా 'ఆర్' రాయాలా అన్నదే పరీక్ష. ఆ పిల్లకు మూడొచ్చాయి. నాలుగు రాకపోతే పేరు జాబితాకెక్కుతుంది. జాబితాకెక్కిన పిల్లలు ఏడాదంతా ఇంగ్లీషు పీరియడులో వరండాలో కూర్చుని ఏబీసీడీలు దిద్దుకోవాలి, పాఠం వాళ్ళకుండదు. పైనుంచి వచ్చిన ఏర్పాటది. నాకు మొదటినుంచీ గిట్టలేదు. అయినా అప్పటికి రెండుసార్లు నోరు మూసుకుని జాబితా రాసిచ్చాను, ఆ సంగతి దాచుకోను.

కొమరోలు దగ్గర ప్రభుత్వ హైస్కూలు మాది. రోజూ గిద్దలూరు నుంచి బస్సులో వెళ్ళి వస్తాను. ఆ పిల్ల వాళ్ళు మేకలు మేపుకునేవాళ్ళు. క్లాసులో గట్టిగా మాట్లాడదు గానీ చెప్పింది ఒక్కటీ వదలదు. అలాంటి పిల్లకు మూడేమిటని కాగితం మళ్ళీ తీశాను. మేక ఒకటైతే ఈజ్, మేకలైతే ఆర్. తమ్ముడికి ఈజ్. మూడూ సరిగ్గా ఉన్నాయి. తప్పిన ఏడూ చూస్తే అవ్వ, తాత, నాయన, అమ్మ, మామ, హెడ్మాస్టరు, టీచరు. ఒక్కో వాక్యంలో ఒక్కరే ఉన్నారు, అందరికీ ఆర్ పెట్టింది. ఏమీ తెలియని పిల్ల ఇంత పద్ధతిగా తప్పు రాయదు. పిలిచి అడిగాను.

"మీరే గదా మేడం చెప్పినారు, పెద్దోళ్ళు ఒక్కరున్నా నలుగురున్నట్టే అనాలని" అంది.

చెప్పాను. చెప్పడమేమిటి, వెంటపడి మరీ నేర్పాను. మాది మార్కాపురంలో దుకాణం నడిపే కుటుంబం. పెద్దవాళ్ళను వాడు, అది అన్నామంటే మా అమ్మ వీపు విమానం మోత మోగించేది. ఈ బడికి వచ్చిన కొత్తలో పిల్లలు 'హెడ్మాస్టరు వచ్చినాడు' అంటుంటే ఒళ్ళు మండేది. 'వచ్చినారు' అనండని పదేసిసార్లు అనిపించేదాన్ని. నేను నేర్పిన ఆ మర్యాదనే ఈ పిల్ల ఇంగ్లీషులోకి తీసుకుపోయింది. దాన్ని నా చేత్తో నేనే ఎర్ర పెన్ను పెట్టి కొట్టేశాను.

"మేక నిలబడింది అంటాం మేడం. అవ్వకు గూడా మేకకు పెట్టిందే పెడితే ఏం బాగుంటాది?" అని నన్నే అడిగింది.

సిగ్గేసింది. అయినా మార్కులు కలపలేదు, ఇంగ్లీషులో తప్పు తప్పే. అక్కడ క్రియ మనుషుల్ని లెక్కపెట్టుకుంటుందే తప్ప వయసు చూడదనీ, ఒక్కరుంటే ఎంత పెద్దవాళ్ళయినా ఈజ్ అనే రాయాలనీ, అందులో చిన్నచూపేమీ లేదనీ కూర్చోబెట్టి చెప్పాను. ఆ పిల్ల పేరు మాత్రం జాబితాలో రాయలేదు.

వారం తిరక్కముందే తనిఖీకి అధికారి వచ్చారు. పేపర్లూ జాబితా పక్కపక్కన పెట్టుకుని, మూడు మార్కుల పిల్ల పేరేదని అడిగారు. రాయనన్నాను. జరిగిందంతా చెప్పాను. కథలొద్దు, కీలో ఉన్నదే లెక్క అన్నారు. జవాబుకు కీ ఉంటుంది గానీ పిల్లకు ఉండదు కదా అన్నాను. గొంతు పెరిగిందని నాకే తెలుస్తోంది, తగ్గించబుద్ధి కాలేదు. హెడ్మాస్టరు వద్దని కళ్ళతో సైగ చేస్తుంటే చూడనట్టే ఊరుకున్నాను. అంత నమ్మకముంటే ఆ పిల్లనే పిలవండి, నా మీద ఒక వాక్యం రాయమనండి, తప్పు రాస్తే మీ చేత్తోనే పేరెక్కించండి అంటూ అధికారి జాబితాను నా ముందుకు తోశారు.

పిల్ల వచ్చింది. బోర్డు మీద 'ది ఆఫీసర్' వరకు రాసి ఆగింది. కుర్చీలో ఉన్న ఆయన్ని చూసింది, నన్ను చూసింది. సాయం చేశానన్న మాట రాకూడదని నేను తల కూడా కదపలేదు. అంత పెద్దమనిషి ఎదురుగా కూర్చుంటే భయానికి మళ్ళీ మర్యాదలోకి పోతుందేమో, పోతే ఏడాదంతా వరండాయే. చివరికి 'ఈజ్ సిట్టింగ్' అని రాసింది. సుద్దముక్క పక్కన పెట్టి, చేతులు కట్టుకుని ఆయనవైపు తిరిగింది.

"ఏమనుకోవద్దు సార్. ఇంగ్లీషులో మీరు ఒక్కరే" అంది.

ఆయన నవ్వలేదు. సరే, ఈ పిల్లను వదిలేయండి, మిగతా జాబితా ఇటివ్వండని చెయ్యి చాపారు. అందులో ఇంకా ఆరుగురున్నారు. ఎందుకలా రాశావని వాళ్ళలో ఒక్కరినీ నేను అడగలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా బ్యాగులో వేసుకున్నాను. ఇవ్వనని చెప్పాను.