ఐదు గంటల కూత

మా మావయ్య మొన్న బుధవారం పొద్దున్నే పోయారు. గార్డెన్ రీచ్ రేవులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. మీలో చాలామంది ఆయన గొంతు వినే ఉంటారు గానీ, ఆయన పాడిన మాట ఒక్కటీ విని ఉండరు. ఆయన ఏనాడూ మాటలు పాడలేదు.

ఆయనా, ముగ్గురు స్నేహితులూ కలిసి డూ-వాప్ పాడేవారు. వాయిద్యాలుండవు. ఒకరు పాట అందుకుంటే తక్కినవాళ్ళు నోటితోనే తాళమూ శ్రుతీ అన్నీ అయిపోతారు. ఎప్పుడో ఒక నావికుడు ఇచ్చిపోయిన రికార్డు విని నేర్చుకున్న విద్య. మన చర్చి పెళ్ళిళ్ళలో, పార్క్ స్ట్రీట్ హోటళ్ళలో, సమాధుల దగ్గర కూడా పాడారు. అన్నిటికంటే కింది గొంతు మావయ్యది. జీవితమంతా "డూం డూం" అంటూనే గడిపారు. "బాధనిపించదా?" అని అడిగితే, "మాటలోడికి సప్పట్లొస్తాయి. నాను ఆగిపోతే ఆడూ ఆగిపోతాడు. ఏటి తక్కువరా నాకు?" అనేవారు.

రేవులో సాయంత్రం ఐదింటికి మోగే సైరన్ కూతే ఆయనకు శ్రుతి. మా ఇంటి డాబా మీద ముందు మావయ్య, ఆ వెనక తక్కిన ముగ్గురూ దాంతో గొంతు కలిపి మొదలుపెట్టేవారు. ఒకసారి పార్క్ స్ట్రీట్‌లో, కూత లేక, మావయ్య శ్రుతి బాగా పైనెత్తుకున్నారు. ఆ ముగ్గురిలో పాట అందుకునే టికియాపారా రైల్వే బాబాయి గొంతు నడి పాటలో కీచుమంది. ఆ అవమానం తర్వాత ప్రోగ్రాం ఎక్కడున్నా ఐదయ్యేసరికి నాకు ఫోన్. "అల్లుడూ, డాబా ఎక్కు. కూత ఇనిపించు." నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా, ఫోన్ రేవు వైపు ఎత్తి పట్టుకుని నిలబడటం తప్పలేదు. తెగ విసుక్కునేవాణ్ణి.

ఈ వేసవిలో ఆయాసం పట్టుకుంది. మిగతా ముగ్గురూ ఇక చాలిద్దామంటే ఆయనకు కోపమొచ్చింది. నా అరచెయ్యి తన రొమ్ము మీద పెట్టుకుని కింది గొంతు నేర్పారు.

"నాకు పాటలు గుర్తుండవు మావయ్యా."

"గుర్తెట్టుకోడానికి మనకి మాటలేటున్నాయిరా?" అని దగ్గొచ్చేదాకా నవ్వారు. ఆయన చోటులో నిలబడతావా అంటే మాత్రం సరేననలేకపోయాను. నలుగురి ముందు తప్పు పాడతానని భయం. ఆ సరే వినకుండానే పోయారు. అదే నన్ను తినేస్తోంది.

సమాధి దగ్గర ముగ్గురే నిలబడ్డారు. మొదలుపెట్టేవాళ్ళు లేరు. ఐదు కావస్తోంది. "ఏటి సూస్తావు? ఇంటికి ఫోన్ సెయ్యి," అన్నారు రైల్వే బాబాయి. మోకాళ్ళ నొప్పులతో రాలేకపోయిన అత్త డాబా ఎలా ఎక్కిందో తెలీదు. ఫోన్‌లో కూత వినిపించింది. నేను వెళ్ళి నాలుగో చోటులో నిలబడి "డూం" అన్నాను. ఆపకుండా అంటూ పోయాను. కాసేపటికి ముగ్గురూ నన్ను నమ్మి పాట అందుకున్నారు.

పాట అయ్యాక చూస్తే ఫోన్ కట్ కాలేదు. అత్త వింటూనే ఉంది.

"సివర్న తగ్గించీసినావు," అంది. "మీ మావయ్య అలాగ ఒగ్గీవోడు కాదు. మళ్ళీ పాడండి, ఇంటాను."

ఈసారి ఫోన్‌ని మా నలుగురి మధ్యా ఎత్తి పట్టుకున్నాను.