బురదలో పచ్చటి ఆకు

సముద్ర పరిశోధనశాలలో ఆమెను అందరూ బురదక్క అనేవారు. మొదట్లో మనసు చివుక్కుమన్నా, పోనుపోను తనే ఫోనెత్తి "బురదక్కని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టింది. అంతకుముందు పదకొండేళ్ళు రెయిన్‌కోట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పని. అది మూతపడ్డాక ఇక్కడి చల్లగదిలో కుదిరింది. ఓడవాళ్ళు సముద్రం అడుగున దింపి బురద నింపుకొచ్చిన పొడవాటి గొట్టాలను నిలువునా చీల్చి, సన్నని తీగతో బురదను రెండు బద్దలుగా కోసి, ఫొటోలు తీసి భద్రపరచాలి. తొమ్మిదేళ్ళుగా ఆమె చూసిందంతా బూడిదరంగు బురదే.

ఆ మంగళవారం కోసిన గొట్టంలో మాత్రం అడుగుభాగం నల్లగా, పొరలుపొరలుగా ఉంది. కుళ్ళిన గుడ్ల వాసన గుప్పుమంది. రెండు పొరల మధ్య బొటనవేలంత ఆకు. పచ్చగా ఉంది, ఈనెలు లెక్కపెట్టొచ్చు. పక్కగదిలోంచి బురద మీద పరిశోధన చేసే మేడమ్‌ను పిలుచుకొచ్చేలోగా అది గోధుమరంగుకు తిరిగి నల్లబడిపోయింది.

"పచ్చగానే ఉందండీ, ఒట్టు," అంది బురదక్క.

మేడమ్ నమ్మింది. ఆ పొరకు పదకొండు వేల ఏళ్ళుంటాయని చెప్పింది. సముద్రంలో పుట్టినదైనా, నేలమీంచి కొట్టుకొచ్చినదైనా, అడుగున కంటికి కనపడని జీవులు దాదాపు అంతా తినేస్తాయట. ఈ గొట్టం దింపిన లోయలో నీటికి ప్రాణవాయువు అందదు. అక్కడ తినేవీ తక్కువే, తినడమూ మహా నెమ్మది. బురదక్క నల్లబడ్డ ఆకువైపు చూసింది. అన్నేళ్ళు నిలిచినదాన్ని తను అయిదు నిమిషాల్లో పోగొట్టింది.

ఇంట్లో భోజనాల దగ్గర మావగారికి చెప్పింది. ఆయన ముప్ఫై ఏళ్ళు పార్కులో తోటమాలి. రాలిన ఆకుల్ని ఎరువు చేయడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఓ పట్టాన నమ్మలేదు.

"నా చేతికిందకొస్తే ఏ ఆకైనా ఒక్క వానాకాలం నిలవదమ్మా. గాలి తగిలితేనే త్వరగా కుళ్ళేది. ఎరువుగుట్టని నేను తిరగేసేది అందుకేగా."

మరి గాలే తగలకుండా కోస్తే, అనుకుంది ఆమె.

అదే లోయ నుంచి తెచ్చిన రెండో గొట్టం ఇంకా తెరవలేదు. నాలుగురోజులు ఆగమని మేడమ్‌ను బతిమాలింది. దళసరి పారదర్శక ప్లాస్టిక్ తెచ్చి, రెయిన్‌కోట్ల ఫ్యాక్టరీలో నేర్చిన పాత విద్యతో అంచులు వేడిచేసి అతికించి, గొట్టమంత సంచి చేసింది. చేతులు దూర్చడానికి తొడుగులు అమర్చింది. మొదటిసారి తొడుగు చంక దగ్గర అతుకులోంచి గాలి దూరింది. ఊడదీసి మళ్ళీ అతికించింది. గొట్టాన్ని సంచిలో పెట్టి, లోపలి గాలిని తరిమేసి, సిలిండర్‌లోంచి నైట్రోజన్ నింపారు.

తీగ దిగింది. సగం గొట్టం దాకా ఏమీ లేదు. ఆ తర్వాత నల్లపొరలో ఆకు, ఒకవైపు పురుగు కొరికిన ఆకు. లేతపచ్చగా. పది నిమిషాలయింది, గంటయింది. రంగు మారలేదు.

అప్పట్నుంచి అలాంటి గొట్టాలన్నీ ఆమె సంచుల్లోనే తెరుస్తున్నారు. ఆ ఆకును గాలి చొరని గాజుపెట్టెలో ఉంచారు. శనివారం మావగారిని వెంటబెట్టుకెళ్ళింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, వంగి, చాలాసేపు చూశాడు.

"గొంగళిపురుగు పని ఇది," అన్నాడు మెల్లగా. "అంచునుంచి మొదలుపెట్టి, సగంలో వదిలేసింది చూడు. అప్పుడేమొచ్చిందో పాపం, గాలివానేమో."