ద్వారకాబాయి వరస
పండరి పాదయాత్రలో ముందు నడుస్తూ తులసికుండ ఎవరు మోయాలని తగువొస్తే, "నీ పెళ్లాం తలమీద పూలే నిలవవు, కుండ నిలుస్తుందా?" అని భజన పెద్దనే నోరుమూయించి ముందువరస గెలుచుకుంది ద్వారకాబాయి. నేను కళ్లారా చూశాను. నిరుడు ఆమెకి క్రోన్స్ అనే పేగుజబ్బుకి పేగు కోసి, మలం పోయేందుకు పొట్టకి సంచి తగిలించారు. జొన్నరొట్టె, మిరపకారం మానేసి మెత్తన్నం మింగుతోంది. మాట్లాడుతూనే చీరమీంచి సంచిని తడిమి చూసుకుంటుంది. ఈ ఏడు యాత్రకు ముందు భజనలో కూర్చుంటే, అటూ ఇటూ ఉన్న ఆడవాళ్లు దూరంగా జరిగారు.

"నడవలేవు కదక్కా, వెనక బండిలో రా," అంది శేవంతి, ముక్కుకి కొంగు అడ్డంపెట్టుకుని.

"కోసింది నా కాళ్లు కాదే!"

ఎవరూ నవ్వలేదు. ఇంటికొస్తూ ద్వారకాబాయి నన్ను సందులో ఆపింది.

"పిన్నీ, నీ నోరు చెడ్డదే గానీ అబద్ధమాడదు. దగ్గరికొచ్చి వాసన చూసి చెప్పు."