మూకుడు పెట్టని క్రిస్మస్

నేను బేకరీలో పనిచేశానంటే మా మేనకోడలు ఇప్పటికీ నవ్వుతుంది. చేసిన మాట నిజమే. జనగామలో ఒక బేకరీ నుంచి పొద్దున్నే బన్నులు, రస్కులు రేకు పెట్టెలో సర్దుకుని, ఆ పెట్టెను సైకిల్ వెనక కట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేవాణ్ణి. చలికాలంలో బట్టీ ముందు నిలబడి చేతులు కాచుకోవడమే గానీ, లోపల పిండి ఎట్లా కలుపుతారో, ఏది ముందు వేస్తారో నాకు తెలిసింది తక్కువ. ఆ తక్కువనే మా ఊళ్ళో చాలా ఎక్కువ చేసి చెప్పుకున్నాను. బట్టీ అంతా నా చేతుల మీదే నడుస్తున్నట్టు, నేను ఒక్కపూట పోకపోతే జనగామ మొత్తం చాయ్‌లో ముంచుకోవడానికి ఏమీ లేక ఏడుస్తున్నట్టు చెప్పేవాణ్ణి.

అంతకంటే గొప్ప ఉద్యోగం నాకు వచ్చే దారి కూడా లేదు. అరవై తొమ్మిది ఉద్యమంలో బడి మూతపడినప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్నాను. తర్వాత మళ్ళీ తెరిచారట. నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇది జరిగింది ఆ తర్వాత ఏడెనిమిదేళ్ళకు. మా ఊరు తరిగొప్పుల పక్కన. ఆ ఏడు వానాకాలంలో మా అక్క చనిపోయింది. ఆమెను రేగొండ వైపు ఇచ్చాం. జ్వరమని దవాఖానకు తీసుకుపోయారు, మళ్ళీ లేచి నడిచి రాలేదు. బావ పొద్దంతా కూలికి పోతే పిల్లల్ని చూసేవాళ్ళు లేరు. ఇద్దర్నీ తెచ్చి మా అమ్మ దగ్గర వదిలి, గుమ్మం దాటేటప్పుడు వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. పిల్లకు తొమ్మిదేళ్ళు, పిల్లవాడికి ఐదు.

అప్పటినుంచి మా ఇంట్లో అక్క మాట ఎవరూ ఎత్తలేదు. ఎవరూ వద్దనలేదు, కానీ ఎత్తలేదు. అమ్మ పొద్దున లేచి పనిలో పడితే పడుకునేదాకా తల ఎత్తేది కాదు. పిల్లలు వాళ్ళమ్మను ఒక్కసారి కూడా అడగలేదు. నాకా, నోరు ఊరుకోదు. ఊళ్ళలో నా వేళాకోళాలకే ఆడవాళ్ళు ఒక బన్ను ఎక్కువ కొనేవాళ్ళు. ఇంట్లో మాత్రం ఆ సరుకు అమ్ముడుపోలేదు. నేను ఏదో ఒకటి అంటే పిల్లవాడు నవ్వేవాడు. పిల్ల అమ్మమ్మ ముఖం వైపు చూసి, ఆమె నవ్వలేదని తెలుసుకుని, తనూ ఊరుకునేది.

డిసెంబర్ వచ్చింది. మా వాడలో ప్రార్థన మందిరం మీద వెదురు బద్దల చుక్క కట్టారు. ఒకరోజు నేను సైకిల్ పెట్టె తుడుస్తుంటే పిల్ల వచ్చి పక్కన కూర్చుంది.

"మామా, ఈసారి మనం పళ్ళెం పట్టుకపోమా?"

ఆ పళ్ళెం సంగతి చెప్పాలి. క్రిస్మస్‌కు మా అక్క గరిజెలు చేసేది. పుట్నాల పొడి, చక్కెర లోపల పెట్టి, అంచు మెలిపెట్టి మడిచి, నూనెలో వేయించేది. వాటిని పళ్ళెంలో పేర్చి, మీద పూలు కుట్టిన జేబురుమాలు కప్పి ఇల్లిల్లూ పంపేది. మందిరానికి వచ్చేవాళ్ళకే కాదు, రానివాళ్ళకు కూడా. నడవడం బాగా వచ్చిన నాటినుంచీ ఆ పళ్ళెం మోసేది ఈ పిల్లే. రేగొండలో వాళ్ళ వాడంతా ఆమెను "పళ్ళెం పిల్ల" అనేవాళ్ళట. తల్లి పోయింది, ఇల్లు మారింది. చేతిలో పళ్ళెం కూడా లేకపోతే తను ఎవరో ఆమెకే తెలియకుండా పోయేటట్టు ఉంది. ఆ మాట ఆమె అనలేదు. అడిగిన తీరు అట్లా ఉంది.

"ఎందుకు పట్టుకపోమే కోడలా? మీ అమ్మమ్మను అడుగుత ఉండు," అన్నాను.

అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. అడిగాను.

"మూకుడు ఎట్ల పెడ్తవ్‌రా?" అంది. అంతే. మళ్ళీ బియ్యం ఏరుకుంది.

చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పొయ్యి మీద నూనె మూకుడు పెట్టరు. పిండివంట చేయరు. చేయనిదాన్ని పంచేది కూడా ఉండదు. ఇది మా ఊరి కట్టుబాటు. మేము ప్రభువును నమ్ముకున్నవాళ్ళమే. మూకుడు విషయంలో మాత్రం ఊరినే నమ్ముకున్నాం. అలాంటిదేమీ అక్కర్లేదని మందిరం అయ్యగారు చెప్పి చూశాడు. "అయ్యగారింట్ల ఎవలు సచ్చిన్రు?" అని అమ్మ అడిగితే ఆయన చాయ్ కూడా తాగకుండా లేచిపోయాడు.

మర్నాడు బేకరీలో రస్కులు సర్దుకుంటుంటే బట్టీలోంచి కేకు పళ్ళేలు తీస్తున్నారు. క్రిస్మస్ గిరాకీ. చూస్తూ నిలబడ్డాను. బట్టీలో నిప్పు ఉంది, వేడి ఉంది. మూకుడు ఎక్కడా లేదు.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే అన్నాను: "అమ్మా, నూనె మూకుడు పెట్టొద్దనే గదా మాట? ఇసుక పెట్టొద్దని ఎవలన్న అన్నరా?"

"ఇసుకేందిరా?"

"నీళ్ళు కాచే సర్వల ఇసుక పోసి, అండ్ల గిన్నె పెట్టి, మూత మీద నిప్పులేస్తే కేకు కాలుతది. నూనె లేదు, మూకుడు లేదు, వేయించుడు లేదు. ఏ పెద్దమనిషినన్న తోల్కరా, ఇండ్ల తప్పేమున్నదో చెప్పమను."

అమ్మ నన్ను కింది నుంచి మీదికి చూసింది. "నీకు బడి అబ్బలేదు గని వకీలు మాటలు మంచిగ అబ్బినయి."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"పండుగ చెయ్య బుద్ధి ఎట్లయితదిరా నీకు?" అంది, గొంతు తగ్గించి.

"నాకు కాదమ్మా," అన్నాను. పిల్ల తలుపు వెనక నిలబడి ఉంది. గౌను అంచు మాత్రం కనబడుతోంది.

అమ్మ ఆ అంచునే చాలాసేపు చూసింది. "మీ ఇష్టం. నేనైతే ముట్ట," అంది.

మాకు అదే చాలు. క్రిస్మస్ ముందురోజు నేను బన్నులకు సెలవు పెట్టాను. జనగామ ఏడ్చినట్టు వార్తలేమీ రాలేదు. బేకరీలో చివర మిగిలిన రంగురంగుల బొప్పాయి ముక్కలు పొట్లం కట్టించుకుని ముందే తెచ్చుకున్నాను. మైదా, చక్కెర కొన్నాను. మా కోళ్ళు గుడ్లిచ్చాయి. పక్కింటి పెద్దమ్మ వాళ్ళ గేదె వెన్న ఇచ్చింది. పెద్దమ్మ మా మందిరానికి వచ్చే మనిషి కాదు గానీ, మా వాకిట్లో ఏం జరుగుతుందో ఆమెకు తెలియకుండా జరగదు.

పిల్లలిద్దరూ వాగు ఇసుక తెచ్చి, జల్లించి, కడిగి, ఎండబెట్టారు. పిల్లవాడు అందులో దొరికిన గవ్వను "ఇది గూడ కేకుల ఏద్దాం" అన్నాడు.

"ఏద్దాం. అది ఎవలకొస్తే వాళ్ళ పండ్లు వాళ్ళియి కావు," అన్నాను. గవ్వ జేబులో పెట్టుకున్నాడు.

వెన్న, చక్కెర కలిపి చేత్తో తిప్పమన్నాను. "ఒక్క దిక్కే తిప్పాలె. ఎనుకకు తిప్పితే కేకు ఎనుకకు పోతది." బేకరీలో ఒక్క దిక్కే తిప్పుతారని మాత్రం నిజంగా చూశాను. ఎందుకో తెలియదు, మిగతాది కల్పించాను. తర్వాత గుడ్లు, మైదా వేశాం. పిల్ల మోచేతి దాకా పిండి చేసుకుని తిప్పుతూనే ఉంది. అలిసిపోయినా తమ్ముడికి ఇవ్వలేదు.

"జర నాకియ్యే అక్కా!"

"నువ్వు తిప్పవు, నాకుతవు."

"మామా, చూడు అక్క!"

"ఇద్దరు నాకుండ్రి. నాకు గూడ జర మిగిల్చుండ్రి," అన్నాను.

అమ్మ వాకిట్లో ఓ మూలన, మావైపు వీపు పెట్టి కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆ బియ్యం పొద్దున ఏరినవే. అన్నం వండవలసినవి మళ్ళీ చాటలోకి ఎట్లా వచ్చాయో నేను అడగలేదు.

ఇసుకకు మంచి వెడల్పాటి పాత్ర కావాలని, అలవాటు కొద్దీ గూట్లోని ఇనుప మూకుడు మీద చెయ్యి వేశాను. వెనక్కి తిరగకుండానే అమ్మ అరిచింది: "ముట్టకు!" వీపుతో ఎట్లా చూసిందో. నీళ్ళు కాచే పాత సర్వ తీసుకున్నాను. మూడు రాళ్ళ మీద పెట్టి, ఇసుక పోసి, మధ్యలో గిన్నె దించి, మూత పెట్టాం. బేకరీ బట్టీలో మంట ఎంత ఉంటుందో గుర్తు తెచ్చుకుని ఉన్న కట్టెలన్నీ కిందనే తోశాను.

కాసేపటికి వాసన వచ్చింది. పిల్లలు ముక్కులు ఎగబీల్చారు. నేను ఛాతీ విరుచుకున్నాను. ఆ వాసన కొద్దికొద్దిగా మాడు వాసనవుతున్నట్టు నాకు అనిపించేలోపే అక్కడ చాట కింద పడ్డ చప్పుడైంది.

"అడుగంటుతాందిరా! తియ్, ఆ కట్టెలు తియ్!"

అమ్మ వచ్చి కట్టెలు బయటికి లాగింది. పట్టకారుతో నిప్పులు ఒక్కొక్కటి ఏరి మూత మీద పేర్చింది. కొంగుతో పొగ విసురుకుంటూ నన్ను తిట్టింది. "కింద కొంచెం, పైన ఎక్కువ పెట్టాలెనని ఎరుకలేనోనివి బట్టీల ఏం పని చేసినవ్‌రా? ఎంతసేపు ఉండాలె?"

నిజం చెప్పే సమయం వచ్చింది. "అక్కడ చీపురు పుల్ల గుచ్చి చూస్తరు."

"అంటే నీకు ఎరుక లేదు."

"పుల్లకు ఎరుకుంటదమ్మా."

పిల్ల కొత్త చీపురు నుంచి పుల్ల లాగి కడుక్కొచ్చింది. అమ్మమ్మ మూత ఎత్తింది, మనవరాలు గుచ్చింది. మొదటిసారి పిండి అంటుకుంది. మళ్ళీ మూసి, మళ్ళీ ఎత్తారు. తలలు రెండూ దగ్గరగా పెట్టి లోపలికి చూస్తుంటే నన్ను ఎవరూ లెక్కచేయలేదు. చివరికి పుల్ల శుభ్రంగా వచ్చింది.

కేకును పళ్ళెంలో బోర్లించి, తిప్పి పెట్టాం. అడుగు బొగ్గు. అంచులు లేచాయి. నడుమ మాత్రం కూర్చుండిపోయింది, ఎవరో మోకాలు పెట్టినట్టు.

పిల్ల ముఖం చూశాను. పొద్దుటి నుంచి ఆ ముఖంలో ఉన్న వెలుగంతా ఆ గుంతలోకే పోయినట్టుంది.

"గుంత పడ్డది మామా."

"గుంత గాదే, గిన్నె. పాలు పోసుకొని తినొచ్చు. జనగామల దీన్ని ఎక్కువకు అమ్ముతరు."

ఆమె నవ్వలేదు. "ఇది ఎవలింటికి పట్టుకపోతం?" అంది. "అమ్మ గరిజెలు ఎన్నడు గిట్ల కాలేదు."

వాకిట్లో అందరం ఆగిపోయాం. ఇన్ని నెలల్లో ఆ పిల్ల నోట ఆ మాట రావడం అదే మొదలు. పిల్లవాడు కూడా బొప్పాయి ముక్క నమలడం ఆపేశాడు. అమ్మ లేచి లోపలికి పోతుందనుకున్నాను.

పోలేదు. చేతిలోని పట్టకారు కింద పెట్టి, "ఎవలు చెప్పిన్రే నీకు?" అంది.

పిల్ల తలెత్తింది.

"మీ అమ్మ నీ అంత ఉన్నప్పుడు మొదటిసారి గరిజెలు చేసింది. నన్ను ముట్టనియ్యలే. అంచులు గట్టిగ మడవలేదు. నూనెల వడంగనే ఒక్కొక్కటి నోరు తెరిచినయి. లోపలి పొడంతా నూనెలకు వచ్చి నల్లగ మాడిపాయె. మీ తాత ఒకటి కొరికి ఏమన్నడో ఎరుకేనా? 'ఇది గరిజె గాదు బిడ్డా, బొగ్గు బాయిల దొరికిన చెవి' అన్నడు."

పిల్లవాడు ముందు నవ్వాడు. తర్వాత అమ్మ. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది, మళ్ళీ నవ్వింది. పిల్ల అమ్మమ్మ ముఖాన్నే చూస్తూ ఉంది.

"మరి అయి పారేసిందా?"

"పారేస్తదా? అయ్యే పళ్ళెంల పెట్టుకొని ఇల్లిల్లు తిరిగొచ్చింది. 'జర మాడినయి, ఏమనుకోకుండ్రి' అని గడప గడపకు తనే చెప్పుకుంట."

పిల్ల పోయి చేతులు కడుక్కొచ్చింది. "కోయి మామా," అంది.

మాడిన అడుగు చెక్కేసి, మిగిలింది చిన్న చిన్న ముక్కలు కోశాను. అమ్మ లోపలికి వెళ్ళి పెట్టె తీసిన చప్పుడైంది. పూలు కుట్టిన జేబురుమాలు తెచ్చి, మడతలు చేత్తో సాపు చేసి, పళ్ళెం మీద కప్పింది. పిల్ల దాన్ని గుర్తుపట్టింది. వేలితో ఒక పువ్వును తడిమి, రెండు చేతులతో పళ్ళెం ఎత్తుకుంది. తమ్ముడు గవ్వ పట్టుకుని వెనక నడిచాడు.

మొదటి ఇల్లు పెద్దమ్మది. గోడ అవతలి నుంచి అన్నీ వినిపించాయి.

"ఏడాది కాలేదు గదనే బిడ్డా. మీ ఇంట్ల మూకుడు పెట్టిన్రా?"

"పెట్టలేదు పెద్దమ్మా. ఇసుకల కాలింది. జర గుంత పడ్డది, ఏమనుకోకుండ్రి."

మా అమ్మ గోడకు చెవి ఆనించి నిలబడింది. నేనూ.

"మెత్తగున్నది," అంది పెద్దమ్మ, నోట్లో ముక్కతోనే. "మా గేదె వెన్న గదా. ఉండు, ఉత్త చేతులతోటి పోవద్దు." బెల్లం డబ్బా మూత తీసిన చప్పుడు.

పిల్ల గొంతు తర్వాతి ఇంట్లో వినిపించింది. "జర గుంత పడ్డది, ఏమనుకోకుండ్రి." ఆ తర్వాతి ఇంట్లో ఇంకొంచెం గట్టిగా. ఆ మాట చెప్పడానికే ఇల్లిల్లూ తిరుగుతున్నట్టుగా, ఎవరూ అడగకముందే చెప్పేస్తోంది. వాడ చివరి దాకా పోయేసరికి వెనక ఐదారుగురు పిల్లలు చేరి అదే మాట పాటలా అందుకున్నారు.

నేను వెనక్కి తిరిగి చూస్తే అమ్మ పొయ్యి రాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. నేను చెక్కి పారేసిన మాడును ఏరి నోట్లో వేసుకుంటోంది.

"ముట్టనన్నవు గద?" అన్నాను.

"కేకు ముట్టనన్న," అంది అమ్మ, నమలడం ఆపకుండా. "మాడు ముట్టనన్ననా?"