బ్రాన్‌వెన్‌లో ఎత్వం

మెల్‌బోర్న్ పడమటి శివారులోని ఆ వృద్ధాశ్రమంలో శేషుకుమారి పనికి చేరి ఏడేళ్లయింది. ఒంగోలు నుంచి అకౌంటింగ్ చదవడానికి వచ్చింది. చదువైతే పూర్తయింది గానీ దానికి తగ్గ ఉద్యోగం దొరకలేదు. ఖర్చులకని పట్టుకున్న కేరర్ పనిలోనే నిలిచిపోయింది. అందుకు ఆమెకు చింతేమీ లేదు. ముసలివాళ్లకు స్నానం చేయించడం, తల దువ్వడం, ముద్ద ముద్దగా తినిపించడం ఆమె చేతికి అబ్బిన పనులు.

పదకొండో గదిలో ఉండే మామ్మకు ఎనభై ఏడేళ్లు. వేల్స్‌లో పుట్టి, పదేళ్లప్పుడు అమ్మానాన్నలతో ఓడలో వచ్చింది. భర్త పోయాడు, కొడుకు పెర్త్‌లో ఉంటాడు. రెండేళ్లుగా జ్ఞాపకం సన్నగిల్లుతోంది. తలుపు మీది కార్డులో 'బ్రాన్విన్' అని ఉంటుంది. పిలిస్తే ఒక్కోసారి పలుకుతుంది, ఒక్కోసారి ఎవరినో పిలుస్తున్నట్టు చూస్తుంది.

ఆ చలికాలంలో ఆమెకు కొత్త అలవాటు పట్టుకుంది. పొద్దున టీ తాగగానే తలుపు దగ్గర నిలబడి ఆ కార్డును గోటితో గీకడం. ప్లాస్టిక్ తొడుగు వేస్తే తొడుగును గీకింది. గోరు చిట్లి నెత్తురొచ్చింది. 'ప్రవర్తనలో మార్పు' అని ఫైల్లో రాశారు.

వేలికి కట్టు కడుతూ శేషుకుమారి అడిగింది, "ఎందుకు గీకుతున్నారు మామ్మా?" ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు కూడా ఆ మామ్మా అనే మాట ఆమె నోట దొర్లిపోతుంది.

"అది మగపిల్లాడి పేరు," అంది ముసలామె.

"ఎవరిది?"

"నాది. కానీ నాది కాదు."

శేషుకుమారి లేచి కార్డును దగ్గరగా చూసింది. గీతలన్నీ చివర్లో ఉన్న ఇంగ్లీషు 'వై' అక్షరం మీదే ఉన్నాయి. మిగతా పేరు మీద గీత పడలేదు.

ఆ సాయంత్రం టార్నీట్‌లోని ఇంటికి రాగానే కూతురు తన్మయిని పిలిచింది. "ఒసే, ఈ పేరేంటో ఫోన్లో చూసి చెప్పు."

తన్మయి చూసింది. "అమ్మా, ఇట్స్ వెల్ష్. వై పెట్టి 'విన్' అంటే బాయ్స్‌కి, ఈ పెట్టి 'వెన్' అంటే గర్ల్స్‌కి. మీనింగ్ ఏంటంటే వైట్, ఆర్ బ్లెస్డ్. ఇక్కడ ఆస్ట్రేలియాలో మోస్ట్లీ విన్ అనే రాస్తారంట."

"మరి బ్రాన్ అంటే?"

"అది... ఎంబరాసింగ్ అమ్మా. బ్రెస్ట్."

టీవీ చూస్తున్న భర్త భానుప్రసాద్ తల పక్కకు తిప్పుకున్నాడు.

"సిగ్గెందుకే? నువ్వు ఏం తాగి పెరిగావు?" అంది శేషుకుమారి.

"కొండ వాలుకి కూడా అదే వర్డ్ అంట," అంది తన్మయి కాస్త తేలిగ్గా.

శేషుకుమారి ఓ కాగితం మీద ఆ పేరు తెలుగులో రెండు రకాలుగా రాసుకుని చూసింది. ఒకదాంట్లో గుడి, ఒకదాంట్లో ఎత్వం. తేడా అంతే. ఆ మాత్రం తేడాతో ఒక మనిషి ఇన్నేళ్లు బతికిందా అనిపించింది.

మర్నాడు మేనేజరు దగ్గరకు వెళ్లి, విన్‌కీ వెన్‌కీ తేడా చెప్పి, కార్డు మార్చమని అడిగింది. మేనేజరు పేరు కూడా బ్రాన్విన్. అరవై దాటిన మనిషి.

"మా క్లాసులో ముగ్గురం బ్రాన్విన్‌లం ఉండేవాళ్లం. అందరం వైతోనే రాసేవాళ్లం," అంది ఆమె. "ఇప్పుడు ఏ బడిలో వెతికినా దొరకరనుకో. చూడు, ప్రభుత్వం ఇచ్చిన ఆవిడ మెడికేర్ కార్డులోనే వై ఉంది. నేనేం చేయను?"

మామూలుగా అయితే శేషుకుమారి సరేనని వచ్చేసేది. పాస్‌పోర్టులో రెండు ముక్కలైన తన పేరును ఆఫీసువాళ్లు వట్టి 'కుమారి' చేసినప్పుడూ సరేనంది. ఈసారి కదల్లేదు.

"ఆవిణ్ణి ఎవరూ అడగలేదు కదండీ. కొడుకునైనా అడుగుదాం," అంది.

మేనేజరు ఫోను కలిపింది. "అమ్మ సంతకం కూడా వైతోనే పెట్టేది," అన్నాడు అవతల కొడుకు. "మా పెద్దమ్మను అడిగి చూస్తాను."

రెండు వారాలకు అతని నుంచి ఒక ఫోటో వచ్చింది. పెద్దమ్మ దగ్గరున్న పాత బైబిల్లో మొదటి పేజీ. మామ్మ వాళ్లమ్మ సిరాతో పిల్లల పేర్లు వరసగా రాసుకుంది. రెండో పేరు బ్రాన్‌వెన్. కింద కొడుకు రాశాడు: ఓడ దిగిన ఏడాది బడిలో పేరు తప్పుగా రాశారట. అమ్మమ్మ వెళ్లి దిద్దమంటే, ఇక్కడ ఇలాగే రాస్తారు అన్నారట. ఆవిడకు ఇంగ్లీషు అంతగా రాదు. తిరిగొచ్చేసింది.

మేనేజరు ఆ ఫోటోను రెండుసార్లు చూసింది. కంప్యూటర్లో 'పిలవవలసిన పేరు' అనే గడి ఎప్పటినుంచో ఖాళీగానే ఉంది. అందులో తనే టైపు చేసి, కొత్త కార్డు ప్రింటు తీసింది.

"అంటే అరవయ్యేళ్లుగా నేను మగపేరుతో తిరుగుతున్నానన్నమాట," అని నవ్వింది. "పోనీలే. మా అమ్మ నాకు పెట్టింది అదే."

కొత్త కార్డు ముందు మామ్మ చాలాసేపు నిలబడింది. ఒక్కో అక్షరం మీదా వేలు ఆనించి పైకి చదివింది. తరవాత శేషుకుమారి వైపు తిరిగింది.

"మరి నీ పేరు?"

"శేషుకుమారి."

"అంటే?"

"శేషుడంటే భూమిని మోసే పాము. కుమారి అంటే కూతురు."

ముసలామె ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుంది. "పాపం, ఎంత బరువో," అంది.

శేషుకుమారికి కళ్లు చెమర్చాయి. పక్క సర్దాలన్న నెపంతో మొహం తిప్పుకుంది.

మామ్మ జ్ఞాపకం తిరిగి రాలేదు. కొడుకు వచ్చినప్పుడు అతణ్ణి తన తమ్ముడనుకుంది. కానీ కార్డును మళ్లీ గీకలేదు, బ్రాన్‌వెన్ అంటే వెంటనే తలెత్తేది. వసంతం వచ్చాక ఒక మధ్యాహ్నం, కునుకులోనే వెళ్లిపోయింది.

ఆ తరవాత మేనేజరు ఒక పని శేషుకుమారికి అప్పజెప్పింది. కొత్తగా ఎవరు చేరినా మొదట ఆమే వెళ్లి కూర్చోవాలి. ఆమె అడిగేది ఒక్కటే: "చిన్నప్పుడు మీ అమ్మ మిమ్మల్ని ఏమని పిలిచేది?"

మొన్న ఒక గ్రీకు పెద్దాయన చేరాడు. కాగితాల్లో జిమ్ అని ఉంది. ఆ ప్రశ్న వినగానే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"దిమిత్రాకి," అన్నాడు మెల్లగా.

శేషుకుమారి పెన్ను తీసింది. "నిదానంగా చెప్పండి," అంది, "సరిగ్గా రాసుకుంటాను."