మురికి కాళ్ళ పోటీ

భవానీపురంలో పెళ్ళి జాకెట్టు కుట్టించుకోవాలంటే రావమ్మ దగ్గరికే వెళ్ళాలి. నాలుగు చీవాట్లు తినాలన్నా రావమ్మ దగ్గరికే వెళ్ళాలి. రెండు పనులూ ఆవిడ ఒకే శ్రద్ధతో చేస్తుంది. కొలతలు తీసుకుంటూనే పెళ్ళికూతుర్ని "అన్నం తింటున్నావా, గాలి పీల్చి బతుకుతున్నావా?" అని అడుగుతుంది. పక్కన నిలబడ్డ తల్లికి కూడా తన వాటా అందుతుంది. అయినా పెళ్ళిళ్ళ రోజుల్లో ఆ వరండాలో కాలు పెట్టడానికి చోటుండదు.

రావమ్మ చల్లపల్లి పక్క పల్లెలో పుట్టింది. సిస్టర్లు నడిపే కుట్టు కేంద్రంలో మిషను నేర్చుకుంది. లారీ మెకానిక్ అంతోనిని పెళ్ళాడి ఈ వీధికి వచ్చింది. అంతోని నెమ్మదస్తుడు. భార్య మాట్లాడుతుంటే వినడమూ తెలుసు, వింటున్నట్టు కనిపించడమూ తెలుసు. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ సంగతి రావమ్మ ఎవరి దగ్గరా ఎత్తదు. ఆదివారం చర్చిలో పూజ అయిందో లేదో, గుడిలోంచి బయటికి వచ్చిన పిల్లల్ని మాత్రం దొరికినవాళ్ళని దొరికినట్టు తన వరండాలోకి తోలుకొచ్చేస్తుంది. మిషను గోడకి జరిపి, చాప పరిచి, జ్ఞానోపదేశం మొదలుపెడుతుంది.

ఆ ఉపదేశం వినడానికి బాగుంటుంది గానీ చెయ్యడానికి కష్టం. ఎందుకంటే వల్లె వేస్తే ఆవిడ ఊరుకోదు.

"ప్రేమించండి ప్రేమించండి అని చిలకల్లా అంటే ఏమొస్తుందర్రా? జాకెట్టు జాకెట్టు అని వెయ్యిసార్లంటే గుడ్డ జాకెట్టవుద్దా? కత్తెర పట్టుకోవాలి, కుట్టాలి!" అంటుంది. అందుకని ప్రతి ఆదివారం పిల్లలకి ఒక పని పడుతుంది. మేడమీద ఒంటరిగా ఉండే మామ్మగారికి మంచినీళ్ళ క్యాను మోసిపెట్టడమో, కళ్ళు కనపడని పెద్దాయనకి పేపరు చదివి పెట్టడమో. పిల్లలు సణుగుతూనే వెళ్తారు. వచ్చేటప్పుడు మాత్రం అక్కడ ఏం జరిగిందో ఒకరి మీద ఒకరు పడి చెబుతారు.

ఇంత చెప్పే రావమ్మకి ఒక్క మనిషితో మాటల్లేవు. వీధి చివరింటి కొండలమ్మతో.

కొండలమ్మ చేపలమ్ముతుంది. తెల్లవారుజామునే కృష్ణా నది ఘాటు దగ్గర పడవల వాళ్ళ నుంచి సరుకు తీసుకుని, బుట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతుంది. ఒకప్పుడు వీళ్ళిద్దరూ వదినా అంటే వదినా అనుకునేవారు. క్రిస్మస్ కేకు ఆ ఇంటికి వెళ్ళేది, దసరా పులిహోర ఈ ఇంటికి వచ్చేది. ఒక రోజు కొండలమ్మ అలవాటుగా రావమ్మ వరండాలో బుట్ట దించి మంచినీళ్ళు తాగుతుంటే, బుట్టలోంచి కారిన నీళ్ళు కింద పడివున్న ఒక పట్టు జాకెట్టుని తడిపేశాయి. పెళ్ళి మర్నాడే. రావమ్మకి ఒళ్ళు తెలియలేదు. "నీ కంపుతో నా ఇల్లు చేపల బజారైపోయింది! ఇంకోసారి నా గుమ్మం ముందు కనపడకు!" అని వీధంతా వినేట్టు అరిచేసింది. జాకెట్టు ఉతికితే బాగుపడింది. కొండలమ్మ మాత్రం మళ్ళీ ఆ గుమ్మం ముందు కనపడలేదు. ఏళ్ళు గడిచిపోయాయి. పొగరు, అంతే, అనుకునేది రావమ్మ. అనుకున్న ప్రతిసారీ మిషను కాస్త గట్టిగా తొక్కేది.

ఈ ఏడు, ఈస్టరుకి ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు బాలశౌరి ఫాదర్‌గారు పూజ చివర్లో ఒక కబురు చెప్పారు. పెద్ద గురువారం సాయంత్రం, క్రీస్తు ప్రభువు తన పన్నెండు మంది శిష్యుల కాళ్ళు కడిగినదానికి గుర్తుగా, ఫాదర్‌గారు పన్నెండు మంది కాళ్ళు కడగడం ఆనవాయితీ. ఏటా సంఘం పెద్దలే వరసగా కూర్చునేవారు. "ఈసారి మన రావమ్మగారి పిల్లలు పన్నెండు మంది కూర్చుంటారు" అన్నారు ఫాదర్‌గారు.

ఇంకేముంది! గుడిలోనే ఈలలు. వరండాకి చేరేసరికి పిల్లలు నేలమీద నిలవడంలేదు. ఎవరు ముందు కూర్చోవాలి, ఎవరు చివర అని కొట్లాట. వాళ్ళ తల్లుల సంబరం వాళ్ళని మించింది. రోజ్‌మేరీ తల్లి అప్పటికే కూతురి గోళ్ళకి రంగు కొనేసింది. బాబీ తల్లి నిమ్మచెక్కతో వాడి మడమలు తోమడం మొదలుపెట్టింది.

"టీచరమ్మా," అన్నాడు బాబీ, మడమ తడుముకుంటూ. "ఇంట్లోనే ఇంత తోమేస్తుంటే ఇంక ఫాదర్‌గారు కడిగేదేముంది?"

రావమ్మకి నవ్వొచ్చింది. నిజమే. ఏటా పెద్దలు కూడా సబ్బుతో రుద్దుకుని, గోళ్ళు తీసుకుని మరీ వచ్చేవారు. ఫాదర్‌గారు రెండు చుక్కలు పోసి, తుడిచి, ముందుకి జరిగేవారు. పళ్ళెంలో నీళ్ళు చివరిదాకా తేటగానే ఉండేవి.

"అట్టయితే వినండి," అంది. "ఫాదర్‌గారు మీ కాళ్ళు కడిగేలోపు మీరు తలా ఒకళ్ళ కాళ్ళు కడగండి. మీ ఇంట్లోవాళ్ళవి కాదు. నిజంగా మురికిపట్టిన కాళ్ళు. ఇదే ఈ వారం పని."

"ఎవరివైనా పర్లేదా?" అంది రోజ్‌మేరీ.

"ఎవరివైనా. మీకు పడనోళ్ళవైతే ఇంకా మంచిది."

"మరి మీరు?"

రావమ్మ నోటికి ఆలోచన తర్వాత వస్తుంది, మాట ముందు వస్తుంది. "మీరందరూ కడిగి చూపించండి, నేనూ కడుగుతా. ప్రభువు మీద ఒట్టు," అనేసింది. అని, పెళ్ళి జాకెట్ల ధ్యాసలో పడి ఆ సంగతే మరిచిపోయింది.

పెద్ద గురువారం రానే వచ్చింది. సాయంత్రం పిల్లలందరూ తెల్లబట్టలు వేసుకుని తన వరండాకి రావాలి, అక్కడినుంచి వరసగా గుడికి తీసుకెళ్ళాలి అన్నది రావమ్మ ఏర్పాటు. తను తెల్లచీర కట్టుకుని, గుమ్మంలో కూర్చుని చూస్తోంది. ఎండ వాలింది. ఒక్క పిల్లా రాలేదు. ఒక్క పిల్లాడూ రాలేదు. ఇల్లిల్లూ తిరిగింది. "మీ దగ్గరికేనని ఎప్పుడో వెళ్ళారు కదండీ!" అన్నారు తల్లులు. అవతల చూస్తే హైవే, ఇవతల చూస్తే కృష్ణ. పన్నెండు మంది పిల్లలు ఏమైపోయినట్టు?

అప్పుడే వీధి మలుపులో ఆటో చిట్టిబాబు బ్రేకు వేశాడు. "అక్కా, మీ చర్చివాళ్ళు క్యాంపు భలే పెట్టారే! ఇప్పుడే మా అమ్మని దించొస్తున్నా."

"ఏం క్యాంపురా?"

"అదే, కాళ్ళ క్యాంపు. షుగరున్నోళ్ళకి ఫ్రీ అంటగా. నేనే పదిమందికి చెప్పా!"

రావమ్మ ఆటో ఎక్కి కూర్చుంది.

హైవే పక్కన లారీ ఆఫీసు షెడ్డు ముందు పెద్ద క్యూ. బస్తాలు మోసే హమాలీలు, పూలమ్మేవాళ్ళు, రోడ్డు పనివాళ్ళు, చిట్టిబాబు వాళ్ళమ్మ. కొందరి చేతుల్లో ఆధార్ జెరాక్సులు కూడా ఉన్నాయి. షెడ్డులో ఒక బెంచీ, దాని ముందు టబ్బు, బోరింగు నీళ్ళ పైపు. తెల్లబట్టలు మోకాళ్ళ పైకి దోపుకుని, ఒళ్ళంతా నురగతో రావమ్మ శిష్యులు!

"నెక్స్ట్!" అని అరుస్తున్నాడు బాబీ. "చూడండ్రా, నాకొచ్చినవి తారు కాళ్ళు! ఎవరివీ ఇంత మురికి లేవు!"

"తారుదేముంది, ఈ తాత వేళ్ళ సందుల్లో చూడు, నారు పోయొచ్చు!" అంది రోజ్‌మేరీ. తాత పడీపడీ నవ్వుతున్నాడు. "బీపీ కూడా చూత్తారా అమ్మా?" అని అడిగాడు.

"బీపీ లేదు తాతా, కాళ్ళే!"

ఎవరి మురికి ఎక్కువో అన్నది పోటీ అయిపోయింది. తలా ఒకళ్ళతో మొదలైంది, క్యాంపనే మాట పాకేసరికి ఆగలేదు. తిట్టడానికి సిద్ధమై వచ్చిన రావమ్మ తిట్టడమే మరిచిపోయింది. తన వరండాలో చెప్పిన మాట ఇలా నడిరోడ్డు మీద నురగలు కక్కుతుందని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. సంతోషంతో కళ్ళు చెమర్చాయి. ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"టీచరమ్మొచ్చింది! మేమందరం కడిగేశాం! ఇంక మీరే! ఒట్టేశారుగా!" పిల్లలు ఆవిడ చెయ్యి పట్టుకుని బెంచీ దగ్గరికి లాక్కెళ్ళారు.

బెంచీ మీద అప్పుడే వచ్చి కూర్చున్న మనిషి తలెత్తింది. పక్కన చేపల బుట్ట. కొండలమ్మ.

కొండలమ్మ చప్పున లేచింది. లేవబోయి ఒక కాలి మీద తూలింది. "క్యాంపు మీదని తెల్దు. తెలిస్తే వచ్చేదాన్ని కాదు," అంటూ బుట్ట కోసం వంగింది.

పిల్లలందరూ రావమ్మ మొహంలోకే చూస్తున్నారు. "మీరేగా టీచరమ్మా, పడనోళ్ళవైతే ఇంకా మంచిదన్నారు," అంది రోజ్‌మేరీ మెల్లిగా. ఆ పిల్ల ఎత్తిపొడవడంలేదు, నిజంగానే గుర్తుచేస్తోంది.

రావమ్మ టబ్బు వైపు చూసింది. ఇప్పుడు వెనక్కి తిరిగితే ఇన్నేళ్ళ ఆదివారాలూ బూడిదలో పోసిన పన్నీరే. రేపట్నించి ప్రేమ అన్న మాట ఈ పిల్లల ముందు ఏ మొహంతో ఎత్తుతుంది? పోనీ వంగితే? ఇంతమందిలో కొండలమ్మ కాలు వెనక్కి లాక్కుంటే? ఆ భయం ముందు తన కోపం ఎంత చిన్నదో ఆవిడకి ఆ క్షణంలోనే తెలిసింది. తెల్లచీర కొంగు నడుముకి దోపుకుని, తడినేల మీద చతికిలబడింది.

"కూర్చో కొండలమ్మా."

"వద్దు. కంపు కొడతాయి. మీ చేతులకి అంటుద్ది."

ఆ మాట రావమ్మకి చెంపమీద తగిలింది. తన మాటే. అన్నేళ్ళూ ఆ మనిషి దాన్ని దాచుకునే ఉంది.

"అంటనీ," అని కాలు పట్టుకుంది. కొండలమ్మ లాక్కోలేదు. నిలబడలేక కూర్చుండిపోయింది. మడమకి పాత గుడ్డ కట్టివుంది. విప్పి చూస్తే పచ్చిపుండు.

"ఇదేంటే ఇది! ఎన్నాళ్ళయింది?"

"నెల దాటింది. గాజుపెంకు దిగింది. షుగరుగా, మానట్లేదు."

"ఎక్కడ దిగింది?"

"వెనక సందులో."

"ఆ చెత్త సందులో నీకేం పనే?"

"మరెటు పోవాలి?" అంది కొండలమ్మ. "నీ గుమ్మం ముందు కనపడొద్దన్నావుగా."

రావమ్మ చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. పొగరనుకుంది. రోజూ నెత్తిన బుట్టతో, చెత్తకుప్పల మీదుగా, గాజుపెంకుల మీదుగా ఆ చుట్టుదారిన తిరుగుతోందని ఒక్కనాడూ అనుకోలేదు.

"తప్పయిపోయింది వదినా," అంది, అందరూ వినేట్టే. అరిచిన మాట అందరూ విన్నారు, ఇదీ వినాలి. "నోరుజారాను. నా మాటే నీ కాల్లో దిగింది."

కొండలమ్మ కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. చివరికి ముక్కు చీది, "ఆ వేళ్ళ మధ్య సరిగ్గా తోము. బాబీగాడు నీకంటే నయంగా తోముతున్నాడు," అంది.

షెడ్డు షెడ్డంతా ఘొల్లున నవ్వింది. రావమ్మ నవ్వుతూ, ఏడుస్తూ, పుండు చుట్టూ జాగ్రత్తగా కడిగి శుభ్రమైన తువ్వాలు చుట్టింది. అప్పుడే గుడి గంట మోగింది. అంతే, పిల్లలు టబ్బు వదిలేసి, చెప్పులు వదిలేసి, పరుగో పరుగు!

గుడిలో వరసగా కూర్చున్న ఆ పన్నెండు మందిని చూసి తల్లులు తలలు పట్టుకున్నారు. తెల్లబట్టల నిండా తారు, బురద. నిమ్మచెక్కతో తోమిన మడమలు రోడ్డు దుమ్ములో ఏ రంగో తెలియడంలేదు. ఫాదర్‌గారు బాబీ కాలు పట్టుకుని నీళ్ళు పోశారు. పళ్ళెంలో నీళ్ళు నల్లబడ్డాయి. రెండో కాలికి చిక్కబడ్డాయి.

"ఏంట్రా ఇది?" అన్నారాయన మెల్లిగా.

"టీచరమ్మ చెప్పిన పనండీ," అన్నాడు బాబీ గర్వంగా.

ఫాదర్‌గారు రావమ్మ వైపు చూశారు. ఆవిడ తడిచీరతో, వెనక వరసలో, మోకాళ్ళ మీద ఉంది. ఆయనకి ఏం అర్థమైందో ఏమో, అంగీ చేతులు పైకి మడుచుకుని, సబ్బు తెప్పించారు. ఆ గుడిలో పెద్ద గురువారం నాడు సబ్బు రావడం అదే మొదలు.

మర్నాడు చిట్టిబాబు ఆటోలో రావమ్మే కొండలమ్మని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. పుండు మానేదాకా నడవడానికి వీల్లేదని డాక్టరు ఖండితంగా చెప్పాడు. "నడవకపోతే నా బతుకేం కాను?" అని కొండలమ్మ గోల.

"నడవొద్దన్నాడుగానీ కూర్చోవద్దన్నాడా?" అంది రావమ్మ.

ఈస్టరు పండుగ వెళ్ళిన సోమవారం నుంచి ఘాటు దగ్గర్నుంచి సరుకు చిట్టిబాబు తెస్తున్నాడు. బుట్ట దించేది రావమ్మ వరండాలోనే, మిషను పక్కనే. కాలు పీట మీద చాపుకుని కొండలమ్మ చేపలమ్ముతోంది. పైన తీగ మీద పెళ్ళి జాకెట్లు వేలాడుతున్నాయి.

మొన్న ఒక పెద్దింటావిడ కూతురి పెళ్ళి జాకెట్ల కోసం వచ్చి, గుమ్మంలోనే ఆగి, చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "ఇదేం కంపండీ రావమ్మగారూ?"

కొండలమ్మ తల దించుకుంది. రావమ్మ మిషను ఆపి, మెడలోని టేపు సర్దుకుంటూ లేచింది.

"కంపు కాదమ్మా, బొమ్మిడాయిలు. మా వదిన తెచ్చినవి. జాకెట్లు రేపు ఇస్తాను, చేపలు ఇప్పుడే తీసుకెళ్ళండి. వదినా, అమ్మగారికి తూచు."